మా మామగారికి వినబడినవి

మా మామగారు నీటి సరఫరా శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇంజినీరుగా పనిచేసి రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఆయనకు ఒక గోడగడియారం బహూకరించారు. ఆయన దాన్ని బస్సులో మరిచిపోయి వచ్చారు. చేతిలో మాత్రం పాత తువ్వాలు చుట్టిన నిలువెత్తు ఇనుప కడ్డీ భద్రంగా ఉంది. గడియారం ఏదని అత్తయ్య అడిగితే, ఏ గడియారం అని ఆయనే ఎదురడిగారు.

ఆ కడ్డీ భూమిలో పైపులు ఎక్కడ కారుతున్నాయో వినే సాధనం. ఒక కొస సన్నగా ఉంటుంది. రెండో కొసన చెక్కతో తొలిచిన గిన్నెలాంటి బుడిపె ఉంటుంది. సన్నకొసను కుళాయికి ఆనించి, బుడిపెను చెవి వెనక ఎముకకు అదిమి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినాలి. చిన్న లీకు ఈల వేస్తుందట, పెద్ద లీకు సణుగుతుందట. పెళ్ళయి నేనా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి నాకు మూడుసార్లు చెప్పారు.

ఆయన గురించి ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పంప్ హౌస్‌లో చెమ్మ మధ్య ఇరవై ఏళ్ళు గడిపి చెవిపొరలు చీముపట్టి పాడైనందువల్ల ఆయన ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి ముప్పాతిక వంతు పోయాయి. ఎముక ద్వారా వచ్చే చప్పుడు మాత్రం శుభ్రంగా అందేది. కడ్డీ ఆనించారంటే పైపులో ఈగ తుమ్మినా పట్టేసేవారు. కడ్డీ లేకపోతే పక్కన పిడుగు పడినా, తలుపెవరో కొడుతున్నట్టున్నారు, చూడండి అనేవారు. చెవికి మిషను పెట్టించుకోమని మా ఆయన ఎన్నోసార్లు బతిమాలారు. వినాల్సినవన్నీ వినబడుతున్నాయని ఆయన సమాధానం.

మొగుడికి చెవుడన్న మాట బయటికి పొక్కడం అత్తయ్యకు ససేమిరా ఇష్టం లేదు. ఎవరైనా ఇంటికొచ్చి ఆయన్ని పలకరిస్తే ఆవిడ పక్కనే నిలబడి, "ఏవండీ, ఒంట్లో బావుందా అని అడుగుతున్నారు" అని వీధి చివరిదాకా వినబడేట్టు అరిచి, "నా గొంతే అంత, ఏం చేయను" అని వచ్చినవాళ్ళకు సర్దిచెప్పేది. అత్తయ్య గంపెడు గొంతుగల మనిషని వీధిలో పేరు పడింది. నిజానికి ఆవిడది దూదిలాంటి గొంతు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మాత్రమే అది మాకు వినబడేది.

రిటైరయ్యాక ఆయన చేసిన మొదటి పని, మా వీధిలోనే ఎగువన ఉన్న చివరింటికి వెళ్ళడం. మా వీధి ఏటవాలుగా ఉంటుంది. మా ఇల్లు దిగువన. ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు ముఖాన కొడతాయి. ఎగువన పది పన్నెండు ఇళ్ళకు నీళ్ళెక్కవు. చివరింట్లో ఒక ముసలమ్మ ఉండేది. తొమ్మిదేళ్ళుగా నెలకొక అర్జీ పెట్టేది. ప్రతి అర్జీ మీదా 'పరిశీలించబడును' అని రాసి సంతకం చేసింది మా మామగారే. ఆఫీసులో అర్జీలకు నంబర్లే ఉంటాయి. ఆ నంబరు తన వీధిదేనని, బీరువా ఖాళీ చేస్తూ పాత కాగితాలు తిరగేసిన రోజునగానీ ఆయన గమనించలేదు. ఆఫీసు దిగువ వైపు కావడంతో ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఎగువకు నడిచిన పాపాన పోలేదు.

ఆయన వెళ్ళి, పరిశీలించడానికి వచ్చానన్నారు. ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "తొమ్మిదేళ్ళకు తీరిందా నాయనా? కూర్చో. మంచినీళ్ళిద్దామంటే లేవు" అన్నదట. చెవి దగ్గరకు వంగి మరీ అన్నది కాబట్టి ఆ మాట ఆయనకు వినబడింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు సరిగ్గా భోజనం చేయలేదు. మూడో రోజు తెల్లవారుతూనే కడ్డీ తీసుకుని బయల్దేరారు.

అప్పటినుంచి అదే వరస. చొక్కా జేబులో రబ్బరు వాషర్లు, కళ్ళజోడు పెట్టెలో రెండు స్క్రూలు, బుజాన కడ్డీ. ఇంటింటి ముందూ ఆగి, కుళాయికి కడ్డీ ఆనించి, ధ్యానంలో ఉన్నవాడిలా కళ్ళు మూసుకునేవారు. కారే కుళాయి కనబడితే అడక్కుండానే వాషరు మార్చేవారు. ఎగువకు నీళ్ళెక్కకుండా మధ్యలో ఎక్కడో ఏళ్ళ తరబడి కారుతున్న లీకు ఉందని ఆయన నమ్మకం. శాఖవాళ్ళు అలాంటిదేమీ లేదన్నారు. ఆయన కూడా కుర్చీలో ఉన్నన్నాళ్ళూ అదే అన్నారు.

ఒకరోజు ఉదయం ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆయన ఇంటి ముందు కడ్డీ పెట్టారు. లోపల మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటున్నారు. ఎవరో బయట నిలబడ్డారని ఫ్రేములాయన తలుపు తీశాడు. మా మామగారు కళ్ళు తెరిచి చాలా సానుభూతిగా, "ఇది చాలా కాలంగా నడుస్తున్నట్టుందండీ. పైకి తెలియదు గానీ, లోపల్లోపల. నాకు స్పష్టంగా వినబడుతోంది" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే బుజాలు తడుముకున్నట్టు ఫ్రేములాయన మొహం పాలిపోయింది. ఏం చేయమంటారని అడిగాడు. ఆ ప్రశ్న మా మామగారికి వినబడలేదు. అయినా ఆయన చెప్పదలచుకున్నదే చెప్పారు. "ముందు వాల్వు కట్టేయాలి. ఒత్తిడి తగ్గాక అప్పుడు చూసుకోవచ్చు."

ఫ్రేములాయన లోపలికి వెళ్ళి వాల్వు కట్టేశాడు. అంటే, ఆ రోజంతా నోరు మెదపలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి మొగుడు ఎదురు మాట్లాడకపోయేసరికి ఆవిడ హడలిపోయి డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామనుకుందట. సాయంత్రానికి ఇద్దరూ కలిసి కూరగాయలకు వెళ్ళారు.

మర్నాటికి ఈ సంగతి వీధంతా పాకింది. ఇంజినీరుగారి కడ్డీకి నీళ్ళ చప్పుడే కాదు, పైపులున్న ప్రతి ఇంట్లో మాటలూ వినబడతాయన్నారు. పైపు లేని ఇల్లు మా వీధిలో లేదు. వారం తిరక్కుండా వీధి స్వరూపమే మారిపోయింది. అత్తలు కోడళ్ళను మెల్లగా పిలవసాగారు. పిల్లల్ని కొట్టబోయి చెయ్యి ఎత్తినవాళ్ళు వంటింటి కుళాయి వైపు చూసి దించేశారు. అంతకన్నా వింత, తమ గుట్టు ఆయనకు ఎలాగూ తెలిసిపోయింది కదా అని మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్పుకోవడం మొదలైంది.

సాయంత్రాలు ఆయన వరండాలో కుర్చీ వేసుకుని వాషర్లకు నూనె రాసుకుంటూ ఉండేవారు. వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించి కడుపులోదంతా వెళ్ళబోసుకునేవాళ్ళు. ఇలాంటి వేళల్లో అత్తయ్య పక్కన నిలబడి అరవడానికి వీల్లేదు కదా. ఆయన ఒక్క ముక్క వినబడకపోయినా మధ్యమధ్య తల ఊపేవారు. ఎదుటివాడు మాట్లాడటం ఆపాడని పెదవులు చూసి పోల్చుకుని, పైపుల గురించి నాలుగు మాటలు చెప్పేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమని సామెత. ఊదినవాళ్ళు అంత తృప్తిగా లేచి వెళ్ళడం నేను అక్కడే చూశాను.

నేను చూశానంటే దానికి కారణం ఉంది. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. వరండా పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకోవడం నాకు అలవాటు. అక్కడ తప్ప ఇంట్లో వెలుతురున్న చోటు లేదు. నేను కావాలని వినలేదు. కిటికీ మూయలేదన్నది కూడా నిజమే.

బస్సు డ్రైవరొకాయన వచ్చి, ఆర్నెల్లుగా సాయంత్రం డ్యూటీ అని ఇంట్లో అబద్ధం చెప్పి సంగీతం క్లాసుకు వెళుతున్నానని, ఈ వయసులో పాటలేమిటని భార్య నవ్వుతుందని భయంగా ఉందని చెప్పుకున్నాడు. మా మామగారు గంభీరంగా, "చిన్నగా ఉన్నప్పుడే బయటపెట్టేయాలి. రోడ్డు కుంగాక తెలిస్తే ఊరంతా వచ్చి చూస్తుంది" అన్నారు. డ్రైవరు ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. ఇంటికి వెళ్ళి నిజం చెబితే, భార్య గుండె మీద చెయ్యి వేసుకుని, స్నానాల గదిలో నీ మూలుగులు విని కడుపులో పుండేమోనని ఇన్నాళ్ళూ హడలి చస్తున్నానని అందట.

ఇంత పేరు వచ్చిందా, అది ఒక్క గోతిలో పడి కొట్టుకుపోయింది. వీధి మధ్యలో, పళ్ళ డాక్టరు ఆసుపత్రి ఎదురుగా, లీకు ఇక్కడే ఉందని ఆయన సుద్దముక్కతో గుర్తు పెట్టారు. పాత సిబ్బందిని బతిమాలి తవ్వించారు. నడుములోతు తవ్వినా మట్టి పొడిగా రాలుతోంది. ఆయన విన్న ఈల పళ్ళ డాక్టరు మరదిదని మూడో రోజు తేలింది. మరది అంటే మనిషి కాదు, పళ్ళు తొలిచే మిషను. డాక్టరు దాన్ని అలా ముద్దుగా పిలుచుకుంటాడు. మూడు రోజులు వీధిలోకి బండ్లు రాలేదు. జనం నవ్వారు. 'గోతి ఇంజినీరు' అన్న పేరు పెట్టారు. ఆయన పార తీసుకుని తనే గొయ్యి పూడ్చి, ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చారు. ఇంక ఈ కడ్డీ అటక మీద పెట్టమని మా ఆయన అన్నారు. అది ఆయనకు వినబడలేదో, వినదలచుకోలేదో తెలియదు. మర్నాడు మళ్ళీ బయల్దేరారు.

పళ్ళ డాక్టరుకు నాలుగిళ్ళు పైన ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఇల్లు ఉంది. అక్క బట్టలు కుడుతుంది. చెల్లెలిది కళ్ళజోళ్ళ దుకాణం. పదకొండేళ్ళ క్రితం తల్లి పోయినప్పుడు ఆవిడ కుట్టుమిషను ఎవరిదన్న దగ్గర మాట మాట పెరిగి, పెరటి మధ్యగా, ఇంటి మధ్యగా గోడ కట్టుకున్నారు. మిషను తల అక్క తీసుకుంది, కాళ్ళు చెల్లెలు తీసుకుంది. అక్క ఆ తలను బల్లకు బిగించి చేత్తో తిప్పుకుంటూ కుట్టేది. చెల్లెలు ఆ ఇనుప కాళ్ళ మీద పూలకుండీలు పెట్టుకుంది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మా మామగారు ఈసారి వారం రోజులు విన్నారు. పళ్ళ డాక్టరు సెలవు పెట్టిన రోజున కూడా విన్నారు. లీకు సరిగ్గా ఆ గోడ పునాది కింద ఉంది. సంగతి చెప్పడానికి ఇద్దరికీ కబురు పెట్టారు. వాళ్ళు ఒకే గదిలోకి రారు గనక అక్క ముందు రోజు వచ్చింది. ఆయన నోరు తెరిచేలోగానే తనే మొదలుపెట్టింది. అమ్మ చివరి రోజుల్లో రాత్రింబవళ్ళు చూసుకున్నది చెల్లెలేనని, తను పండగచుట్టంలా వచ్చి పోయేదాన్నని, ఆ సిగ్గుతోనే మిషను కోసం అంత రచ్చ చేశానని చెప్పి ఏడ్చింది. మా మామగారు ఆవిడ ఏడుపు చూసి కంగారుపడి, గోడ పోతుందని బాధపడుతోందనుకున్నారు.

"తప్పదమ్మా. గోడ కిందే ఉంది అదంతా. గోడ తియ్యందే కుదరదు. మొత్తం అక్కర్లేదు, మనిషి పట్టేంత తీస్తే చాలు."

అక్క కళ్ళు తుడుచుకుని, అలాగేనండీ అని వెళ్ళిపోయింది. మర్నాడు చెల్లెలు వచ్చింది. మిషను అక్కే వాడుకుంటుందని తెలిసీ, పంతానికి కాళ్ళు ఊడదీశానని చెప్పింది. ఆయన మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా అదే మాట చెప్పారు. ఆయన అంత ధీమాగా చెప్పారంటే అవతలి మనిషి ముందుగా ఒప్పుకునే ఉంటుందన్న నమ్మకంతో ఇద్దరూ మేస్త్రీని పిలవమన్నారు.

గోడ కూల్చే రోజున వీధంతా చేరింది. అక్క అటు, చెల్లెలు ఇటు నిలబడ్డారు. ముందుగా ఎదుటిది పలుకుతుందని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఎవరూ పలకలేదు. మేస్త్రీ ఇటుకలు తీసి, పునాది పక్కన రెండు మూరలు తవ్వి గునపం వేశాడు. అంతే, నీళ్ళు చిమ్మి అతని మొహాన కొట్టాయి. పైపు అతుకు దగ్గర వేలు పట్టేంత కంత. మా మామగారు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ కంతను చేత్తో తడిమారు. ఆయన మొహంలో అంత సంతోషం మా పెళ్ళిలో కూడా చూడలేదని మా ఆయన ఇప్పటికీ అంటారు.

అప్పుడు అక్క పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట మాట్లాడింది. "నీళ్ళన్నీ నీ వైపే ఊరాయన్నమాట. అందుకేగా నీ మొక్కలు అంత ఏపుగా ఉన్నాయి."

"నీ గోడకు చెమ్మెక్కితే నేనేం చేశానే?" అని చెల్లెలంది.

అక్కడ మొదలైన మాటలు మళ్ళీ ఆగలేదు. కౌగిలింతల్లాంటివి ఏమీ జరగలేదు. గోడకు పెట్టిన కంతను ఎవరు పూడ్చాలన్న దాని మీద రోజూ వాదించుకునేవారు. వాదన తేలక కంత అలాగే ఉండిపోయింది. తర్వాత్తర్వాత పిల్లులూ, కూరగిన్నెలూ, చివరికి వాళ్ళూ దాంట్లోంచే రాకపోకలు సాగించారు.

అతుకు బిగించిన సాయంత్రం మా మామగారు చివరింటికి వెళ్ళారు. ముసలమ్మ కుళాయి తిప్పితే ముందు గాలి ఉస్సురంది, తర్వాత ఎర్రనీళ్ళు ఉమ్మింది, ఆ తర్వాత తెల్లగా ధార కట్టింది. ఆవిడ ఇంట్లో ఉన్న గిన్నెలూ, గ్లాసులూ, చివరికి గరిటె కూడా నింపింది. ఒక గ్లాసు ఆయన చేతికిచ్చింది. పది రోజుల తర్వాత ఆవిడ దగ్గర్నుంచి కొత్త అర్జీ వచ్చింది. ఈసారి నేరుగా మా ఇంటికే. నీళ్ళ ఒత్తిడి మరీ ఎక్కువై కుళాయి బొట్టుబొట్టుగా కారుతోందని, నిద్ర పట్టడం లేదని, వెంటనే పరిశీలించవలసిందని. ఆయన ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకుని, జేబులో వాషర్లు వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయల్దేరారు.

ఆ తర్వాత ఏడేళ్ళు బతికారు. మా వీధి అయ్యాక పక్క వీధి, ఆ తర్వాత బడి, ఆసుపత్రి. సాయంత్రాలు వరండాలో వచ్చిపోయేవాళ్ళు తగ్గలేదు. ఒక చలికాలం జలుబు ముదిరి గుండెల్లోకి దిగింది. నాలుగు రోజులు మంచం మీదున్నారు. ఐదో రోజు మా ఆయన్ని పిలిచి, పెరటి కుళాయి వాషరు అరిగింది, మార్చమని చెప్పి కళ్ళు మూశారు.

సంతాప సభ వీధి గ్రంథాలయంలో పెట్టారు. కుర్చీలు చాలక జనం బీరువాలకు ఆనుకుని నిలబడ్డారు. ఫ్రేములాయన మంచి చెక్కతో ఫొటో కట్టించి తెచ్చాడు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. తమ మాట అంత ఓపిగ్గా విన్నవాళ్ళు జన్మలో లేరన్నారు. డ్రైవరు పాట పాడాడు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారన్న అతని భయంలో న్యాయం ఉందనిపించింది.

మా ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. మేమిద్దరం నేల చూపులు చూస్తుంటే అత్తయ్యను మాట్లాడమన్నారు. ఆవిడ లేచింది. ఇంక అరవాల్సిన పని లేదు కాబట్టి తన అసలు గొంతుతో మాట్లాడింది. వెనకవాళ్ళు ముందుకు వంగాల్సి వచ్చింది.

"మీరంతా ఇంత అభిమానంగా చెబుతుంటే దాచడం పాపమనిపిస్తోంది. ఆయనకు వినబడదు. మీరు చెప్పుకున్నదేదీ ఆయన విన్లేదు."

కుట్టుమిషను అక్క లేచి నిలబడింది.

"తెలుసు వదినగారూ. మా ఇంటికి నిప్పంటుకుందని చెప్పి చూశానొకసారి. తవ్వాలన్నారు. ఆయన ఎవరికీ చెప్పరని, చెప్పలేరని తెలిసే కదా ఇన్నేళ్ళూ వచ్చి చెప్పుకున్నాం."

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఫ్రేములాయన తనకు రెండో నెలలోనే తెలిసిందన్నాడు. డ్రైవరు, ఆయన ముందు నిర్భయంగా పాడుకునేవాడినన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నేళ్ళు గుట్టు దాచానని అనుకున్న అత్తయ్య, గొంతు పోయేలా అరిచిన అరుపులన్నీ గుర్తుకొచ్చి, నాకొక్కరైనా చెప్పొచ్చు కదా అని కళ్ళు తుడుచుకుంటూనే కోప్పడింది. ఆయన విన్లేదు సరే, వీళ్ళ మాట ఇంకెవరూ విన్లేదు కదా అని అంతా సంబరపడుతుంటే, కిటికీ పక్క కూర్చునే మనిషినైన నేను తల ఎత్తలేకపోయాను.

సభ అయ్యాక నేనూ అత్తయ్యా నడిచి వస్తున్నాం. మా ఆయన కుర్చీలు సర్దడానికి ఆగిపోయారు. కొంతదూరం వచ్చాక అత్తయ్య హఠాత్తుగా అడిగింది.

"నువ్వు కూడా ఎప్పుడైనా ఆయనకు ఏమైనా చెప్పుకున్నావా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పుకున్నానన్నాను. దేని గురించి అని అడిగింది.

"మీ గురించే అత్తయ్యా."

అత్తయ్య ఆగలేదు. నాలుగడుగులు వేశాక, నా మోచేతి కింద చెయ్యి వేసి పట్టుకుంది. అక్కడ దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది.

"నేను నీ గురించి చెప్పుకునేదాన్ని," అంది. "మంగళవారాలు. నువ్వు స్కూలు నుంచి ఆలస్యంగా వస్తావు కదా."